కోనసీమ పెరట్లో ఐరిష్ పలహారం

మా అనంతపురంలో నీళ్ళంటే బిందెలో కనబడేవి. అందుకే గోదావరి జిల్లాల నుంచి తిరిగొచ్చాక కాలేజీ స్టాఫ్ రూములో అందరూ ఆ నీళ్ళ గురించే అడిగారు. నేనేమో ఒక రొట్టె గురించి మొదలుపెట్టి, ఇద్దరు తోడికోడళ్ళ దగ్గరకు వచ్చేసరికి గంట కొట్టేవాళ్ళు. అప్పుడు పూర్తిగా చెప్పడం కుదరలేదు. ఇక్కడ చెబుతాను.

తొంభైల చివర్లో సంగతి. నరసాపురంలో లేసు వ్యాపారం చేసే నా పాత స్నేహితురాలికి ఐర్లండు నుంచి ఉత్తరం, దాని వెనకే ఫోనూ వచ్చాయి. నోరా అనే అరవై మూడేళ్ళావిడ నరసాపురం ఆడవాళ్ళు అల్లే లేసు చూడటానికి వస్తోంది. ఆవిడ తల్లి కూడా అదే రకం లేసు అల్లేదట. "ఫోన్లో ఆవిడ ఇంగ్లీషు నాకొక్క ముక్క అర్థం కాలేదే. నువ్వు ఇంగ్లీషు లెక్చరర్‌వి కదా, నాలుగు రోజులు సెలవు పెట్టి తోడుగా ఉండు" అంది స్నేహితురాలు. మార్గశిర మాసం, పరీక్షలు దూరంగా ఉన్నాయి. సరేనన్నాను.

నోరాను విజయవాడ స్టేషన్లో కలిశాను. పొట్టి మనిషి. మగవాళ్ళు వేసుకునేలాంటి బూట్లు. ముంజేతుల నిండా నూనె చిట్లిన చిన్న చిన్న మచ్చలు. ఆవిడ వంట మనిషని నోరు విప్పకముందే ఆ మచ్చలు చెప్పాయి. ఆవిడ ఇంగ్లీషు నాకూ సగమే అందింది. పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్న భాషను ఎవరో పదం చివర సాగదీసి పాడుతున్నట్టు మాట్లాడుతుంటే, నా పుస్తకాలన్నీ ఎక్కడో దూరంగా ఉండిపోయాయనిపించింది.

కొవ్వూరు దాటాక

నరసాపురానికి నేరుగా రైలుంది. కానీ నది చూశాకే మిగతాదంతా అంది నోరా. అందుకని రాజమండ్రి రైలెక్కాం.

కొవ్వూరు దాటేసరికి తెల్లవారుతోంది. వంతెన మీదకు రాగానే చక్రాల చప్పుడు మారింది. కిటికీలోంచి చూస్తే కింద నది లేదు. తెల్లటి మంచు, దాని మీద నల్లటి గీతల్లా రెండు పడవలు, అంతే. రైలు గాల్లో నెమ్మదిగా ఈదుతున్నట్టుంది. మా ఎదుటి సీటు పెద్దాయన నిద్రలోంచి లేచి, కిటికీలోంచి ఒక రూపాయి బిళ్ళ విసిరి, దణ్ణం పెట్టుకుని మళ్ళీ పడుకున్నాడు. నోరా కూడా జేబులోంచి ఒక నాణెం తీసి విసిరింది. అది వాళ్ళ దేశపు నాణెం. ఎందుకు వేశారని నేను అడగలేదు.

ఇంత నీటిని ఒక్కచోట చూడటం నాకు మొదటిసారి. నిజానికి చూడలేదు, మంచు కింద అది ఉందని మాత్రం తెలుస్తూ ఉంది.

రావులపాలెం

రాజమండ్రిలో స్నానాలు కానిచ్చి కారు మాట్లాడుకున్నాం. రావులపాలెంలో అరటి గెలల సంత చూడటానికి ఆగాం. ఆకుపచ్చ గెలలు గోడలు కట్టినట్టు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య సందుల్లో మనుషులు నడుస్తున్నారు. మా ఊళ్ళో డజను లెక్కన బేరమాడి కొనే పళ్ళు ఇక్కడ లారీల లెక్కన పోతున్నాయి. ఒక రైతు నాలుగు చక్కెరకేళి పళ్ళు కోసి మా చేతుల్లో పెట్టి, డబ్బులిస్తే తీసుకోలేదు. "పళ్ళకి డబ్బులేంటండీ, తినండి" అన్నాడు.

కారులో నోరా తన హోటల్ గురించి చెప్పింది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఎనిమిది బల్లలు. పొద్దున ఆరింటికి చేపల పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు తలుపు తీసేవాళ్ళు. పెద్ద పళ్ళెంలో పంది మాంసం ముక్కలు, సాసేజీలు, రెండు గుడ్లు, వేయించిన టమాటా, పుట్టగొడుగులు, సోడా వేసి కాల్చిన రొట్టె, వెన్న, టీ. వీటితో పాటు నెత్తురుతో చేసే ఒక నల్లటి ముక్క. అది చెప్పి, నా ముఖం చూసింది. మా సీమలో మేక నెత్తురు వేయించుకు తినే ఇళ్ళున్నాయని చెబితే, ఆ రోజుకి మొదటిసారి నవ్వింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు నడిపాం, నేనూ మా చెల్లెలు ఊనా" అంది. "వసంతంలో మూసేశాను. ఊనా పోయింది. హోటలున్న ఆ ఇల్లు కొంటానని ఒకాయన అడుగుతున్నాడు. తిరిగొచ్చాక చెబుతానన్నాను."

సిద్ధాంతం అనే ఊరి దగ్గర వంతెన మీద మళ్ళీ గోదావరి వచ్చింది, ఈసారి ఎండలో.

నరసాపురం

మర్నాడంతా లేసు. ఊరికి ఆనుకుని, స్నేహితురాలు చెప్పిన ఒక పేటలో, మరియమ్మ అనే ముసలావిడ గుమ్మంలో పీట వేసుకుని గులాబీ పువ్వు అల్లుతోంది. నోరా చాప మీద కూర్చుని చెయ్యి చాపింది. మరియమ్మ కొక్కెం సూది ఇచ్చింది. నోరా ఆ పువ్వుకే మరో రేకు అల్లి తిరిగిచ్చింది. మరియమ్మ దాన్ని వెలుగులో పెట్టి చూసి, "దారం కాస్త బిగించిందండి ఈవిడ. మిగతాదంతా మా అల్లికే" అంది. తర్జుమా చేస్తే నోరా తల ఊపింది. వాళ్ళమ్మ కూడా దారం బిగించావనే అనేదట.

పొద్దున ఏం తిన్నారని అడిగింది మరియమ్మ. లాడ్జిలో ఇడ్లీ అన్నాను. ముఖం అదోలా పెట్టింది. "రేపు పంటెక్కి అవతలి ఒడ్డుకెళ్ళండి. రాజోలు రోడ్డులో భాస్కరమ్మ గారి ఇల్లని అడగండి. బోర్డేం ఉండదు. దిబ్బరొట్టి అంటే అదండి. తొందరగా వెళ్ళాలి, తొమ్మిదికల్లా అయిపోద్ది."

పంటు మీద

రేవులో మనుషుల్నీ, బళ్ళనీ కలిపి దాటించే బల్లకట్టు లాంటి పడవను పంటు అంటారు. రెండు కార్లు, పది మోటారు సైకిళ్ళు, పాల కేన్లు, గడ్డి మోపులు, మేమూ. ఎక్కేటప్పుడు నా ఎడమ చెప్పు బురదలో దిగబడి, కాలు మాత్రం పైకి వచ్చింది. ఒక పాలతను వంగి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. దొరకలేదు. "గోదారి తీసేసుకుందండి" అన్నాడు మర్యాదగా. రెండో చెప్పు కూడా అక్కడే వదిలేశాను.

నది మధ్యకు వచ్చేసరికి రెండు ఒడ్లూ కనబడలేదు. ఇంజను చప్పుడు కూడా మంచులో మెత్తబడింది. వెనక ఊరు లేదు, ముందు ఊరు లేదు. నా వట్టి పాదాల కింద చెక్క చల్లగా వణుకుతోంది. ఎంతసేపని అడిగితే పాతిక నిమిషాలన్నారు. నాకు మాత్రం ఆ సమయం లెక్కలోకి రానట్టుంది. అనంతపురం, కాలేజీ, హాజరు పట్టీలు ఎవరో చెప్పిన కథలాగా తోచాయి.

భాస్కరమ్మ గారి అరుగు

ఆటో అతను అడక్కుండానే తీసుకెళ్ళాడు. చుట్టూ కొబ్బరి చెట్లు, పెంకుటిల్లు, పొడుగాటి అరుగు. దాని మీద వరసగా పీటలు. పదిమంది దాకా తింటున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు.

ఇద్దరాడవాళ్ళు వడ్డిస్తున్నారు. యాభై అయిదేళ్ళ భాస్కరమ్మ గారు పెద్ద కోడలు. ఆవిడకంటే పదేళ్ళు చిన్న రత్నం చిన్న కోడలు. వాళ్ళ భర్తలు అన్నదమ్ములు, ఒకాయన పౌరోహిత్యం చేస్తారు, రెండో ఆయన బడిలో పంతులు.

ఇడ్లీ పిండిని పనసాకు బుట్టల్లో పోసి ఉడికించిన పొట్టిక్కలు వచ్చాయి. ఆకు విప్పితే ఆవిరితో పాటు అడవి వాసన వచ్చింది. తరువాత దిబ్బరొట్టి. అరచెయ్యంత మందం, పైన గోధుమరంగు పెచ్చు, లోపల తెల్లగా మెత్తగా. పక్కన చెరకు పానకం. మా వైపు పొద్దున బొరుగుల ఉగ్గాని తిని నోరు మండితే మంచినీళ్ళు తాగుతాం. ఇక్కడ ఒక ముక్క కారప్పచ్చడితో తిని, మరో ముక్క పానకంలో ముంచుకుంటున్నారు. ఇద్దరికీ కలిపి పద్నాలుగు రూపాయలు.

నోరా పెచ్చును వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. ఇది దేంట్లో కాలుస్తారని అడిగింది.

నేను భాస్కరమ్మ గారిని అడిగాను. ఆవిడ, "మందపాటి ఇనప గిన్నెలో అండి. మూత మీద కూడా నిప్పులు వేస్తాం. పిండి రోట్లో రుబ్బాలి. యంత్రంలో వేస్తే ఈ రుచి రాదు. ఆ మాట ఆవిడకి కూడా చెప్పండి" అంది.

నోరాకు చెప్పబోయాను. "ఆవిడకి కాదండి. ఈవిడకి" అని రత్నం వైపు చూపించింది.

రత్నం అక్కడే, రెండు బారల దూరంలో ఉంది. ఆవిడ నా వైపు తిరిగి, "పదిహేనేళ్ళు రోట్లో రుబ్బితే ఎవరి భుజం పోయిందో కూడా కనుక్కోండి" అంది.

పక్క పీట మీద పెద్దమనిషి నాకు నెమ్మదిగా విషయం చెప్పాడు. రత్నం అడక్కుండా గ్రైండరు కొంది. భాస్కరమ్మ గారు, ఒళ్ళు వంగనివాళ్ళకే యంత్రాలు కావాలంది. అప్పటినుంచి అయిదు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా తినడానికి వచ్చినవాళ్ళతో చెప్పిస్తారు. మగవాళ్ళు కలగజేసుకోవడం మానేశారు. ఉగాదికి హోటల్ రెండు చేసుకుంటారట, ఆ గుమ్మం ఆవిడకి, ఈ గుమ్మం ఈవిడకి. "మాకే కష్టం, ఎక్కడ తినాలో తెలీదు" అన్నాడాయన.

ఇంగ్లీషు తర్జుమాకు వచ్చినదాన్ని, ఆ అరగంటా తెలుగు నుంచి తెలుగులోకి తర్జుమా చేస్తూ కూర్చున్నాను. "పచ్చడి అయిపోయిందని చెప్పండి." "నాకూ కళ్ళున్నాయని చెప్పండి." ఏం జరుగుతోందని నోరా అడిగితే నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చేతిలో ముక్క ఆకులో పెట్టేసింది.

రత్నం వచ్చి మా ఎదురుగా కూర్చుంది. "మీ ఊళ్ళో పొద్దున్నే ఏం తింటారండి?"

నోరా చెప్పింది. నేను ఒక్కొక్కటే తెలుగులో చెబుతుంటే అరుగంతా వింది. నెత్తురు దగ్గరకు వచ్చేసరికి భాస్కరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవన్నీ తీసేస్తే ఏం మిగులుద్దండీ?" అంది రత్నం.

"రొట్టె, బంగాళాదుంప, టమాటా, టీ" అంది నోరా. ఆ రొట్టె కూడా వాళ్ళ అమ్మమ్మ కాలంలో ఇలాగే, ఇనప గిన్నె మూత మీద నిప్పులు వేసి కాల్చేవాళ్ళట.

"అయితే రేపు మీరు చేసి పెట్టండి. మేం తింటాం" అంది రత్నం.

భాస్కరమ్మ గారు చేతిలో గిన్నె కింద పెట్టింది. తరువాత నా దగ్గరకు వచ్చి, "ఏమీ అనుకోకండి. మా వంటింట్లోకి వేరేవాళ్ళని రానివ్వం, మా ఆయన పూజా పునస్కారాలూ అవీ. పెరట్లో పొయ్యి ఉంది. మాంసం, గుడ్డు తగలకపోతే అక్కడ చేసుకోవచ్చు" అంది.

చెప్పాను. ఆలోచించుకుని చెబుతానంది నోరా.

రేవు దగ్గర సాయంత్రం

తిరిగొచ్చి నరసాపురంలో నేనొక జత హవాయి చెప్పులు కొనుక్కున్నాను. సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చున్నాం. నీళ్ళు నారింజరంగుకు మారి, తరువాత బూడిదరంగుకు వచ్చాయి. నోరా పర్సులోంచి చిన్న కాగితం ముక్క తీసి నాకిచ్చింది. బిల్లు పుస్తకంలోంచి చింపిన కాగితం. పెన్సిలుతో రాసి ఉంది: వెన్న అయిపోయింది.

"ఊనా పొద్దున ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది" అంది నోరా. "ఒకరోజు అందరి ముందూ బద్ధకమని అన్నాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఒకే వంటింట్లో, పక్కపక్కనే నిలబడి, కాగితాల మీద రాసుకునేవాళ్ళం. ఉల్లిపాయలు కావాలి. గ్యాస్ వాడొచ్చాడు. పదకొండు వారాలు. అది బద్ధకం కాదు, ఒంట్లో బాగాలేదు. తను చెప్పలేదు. నేను అడగలేదు. ఇది తను రాసిన ఆఖరి కాగితం."

పంటు ఒకటి నిండుగా మనుషులతో వచ్చి ఒడ్డుకు తగిలింది. అందరూ దిగిపోయారు. నేను కాగితం జాగ్రత్తగా మడిచి ఇచ్చేశాను.

"అప్పటినుంచి నేను రొట్టె చెయ్యలేదు" అంది. "ఇక్కడ పుల్ల మజ్జిగ దొరుకుతుందా?" అని అడిగింది.

పెరటి పొయ్యి

మర్నాడు మేం వెళ్ళేసరికి పెరట్లో పొయ్యి అలికి, ముగ్గు వేసి ఉంది. అది ఎవరు చేశారో చెప్పలేదు. గోధుమపిండి, మైదా, వంట సోడా, ఉప్పు, పుల్ల మజ్జిగ, అరిటాకులో వెన్న ముద్ద అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అరుగు మీద జనం తమ ఆకులు వదిలి వచ్చి కొబ్బరి చెట్ల కింద నిలబడ్డారు. మంచు ఇంకా పోలేదు. పొగా మంచూ కలిసి అందరూ సగం సగమే కనబడుతున్నారు.

నోరా పిండి ఎక్కువ పిసకలేదు. పది లెక్కపెట్టే లోపల ముద్ద చేసి, పైన కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెట్టింది.

"అదేంటండి, సిలువా?" అంది భాస్కరమ్మ గారు. గొంతులో కాస్త అనుమానం.

అడిగి చెప్పాను. వాళ్ళ అమ్మమ్మకు అది సిలువే. ఊనాకు మాత్రం మధ్యలో బాగా కాలడానికి పెట్టే గాటు.

భాస్కరమ్మ గారు ఆలోచించి, "దిబ్బరొట్టికీ మధ్యలో చిల్లు పెడతాం. కాలడానికే" అని తనే గిన్నెకు వెన్న రాసి ఇచ్చింది.

గిన్నె పొయ్యి మీద పెట్టి, మూత వేసి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పోశారు. ఈలోగా నోరా బంగాళాదుంప తురిమి, పిండి కలిపి పెనం మీద అట్లు పోసింది. రత్నం తిప్పింది. టమాటాలు సగానికి కోసి వెన్నలో వేయించారు. టీ మాత్రం నోరా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నల్లగా మరిగించి, పాలు విడిగా పెట్టింది.

పావుగంట దాటాక రత్నం ముక్కు ఎగబీల్చి నా వైపు తిరిగింది. "అడుగున వేడి ఎక్కువైందని ఆవిడకి చెప్పండి."

చెప్పాను. భాస్కరమ్మ గారు, "కట్టెలు లాగమని ఇందాకే అనుకున్నాను, ఎవరు పెట్టారో వాళ్ళే లాగాలని చెప్పండి" అంది.

ఏమంటున్నారని నోరా అడిగింది. ఆవిడకు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో రత్నం ఇంకేదో అంది, అది భాస్కరమ్మ గారికి చెప్పడానికి ఇటు తిరిగాను. నోరా ఎన్ని నిమిషాలైందని అడిగింది, అటు తిరిగాను. గిన్నె అంచు నుంచి సన్నగా నల్లటి పొగ వచ్చింది.

"ఈవిడ చెప్పేలోపు బొగ్గయిపోద్ది. తియ్యక్కా" అంది రత్నం.

భాస్కరమ్మ గారు కొంగు చేతికి చుట్టుకుని గిన్నె దించేసింది. "కట్టె లాగవేం నువ్వు, అక్కడే నిలబడి" అంది.

"నువ్వు లాగనిచ్చావా?"

"అయిదు నెలల్నుంచీ ఏం అడ్డుకున్నాను నిన్ను?"

"ఒక్క మాటతో అడ్డుకున్నావు."

భాస్కరమ్మ గారు మూత పట్టుకుని అలాగే నిలబడింది. నిప్పులు రెండు జారి కింద పడ్డాయి. "నీ భుజం సంగతి అప్పుడు నాకు తెలీదే రత్నం" అంది చివరికి. "తెలిసుంటే అననుగా."

రత్నం చీపురు తెచ్చి నిప్పులు ఒక పక్కకు తోసింది. ఊడుస్తూ ఊడుస్తూ, "ఇప్పుడు తెలిసిందిగా" అంది.

నేను ఇదంతా నోరాకు చెప్పలేదు. ఆవిడ నన్ను అడగలేదు కూడా. రొట్టె వెనక్కి తిప్పి, అడుగున మాడిన పొరను కత్తితో గీకుతోంది, తల వంచుకుని. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఇద్దరు తోడికోడళ్ళూ చూశారు. పొగ వల్లే అనుకున్నారో, ఏమనుకున్నారో. రత్నం వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "మాడితే మాడిందిలెండి, లోపల బాగుంటుంది" అని తెలుగులోనే చెప్పింది.

లోపల బాగుంది. వేడి ముక్క మీద వెన్న పెడితే కరిగి దిగిపోయింది. మొదట కొంచెం పులుపు, తరువాత గోధుమ తీపి. నోరా దాన్ని పానకంలో ముంచుకుని తింది. నిన్నటి పెద్దమనిషి మూడు బంగాళాదుంప అట్లు తిని, ఇది రోజూ చేస్తారా అని అడిగాడు. టీ మాత్రం ఎవరికీ నచ్చలేదు. భాస్కరమ్మ గారు మర్యాదకు ఒక గుక్క తాగి, మిగతాది మెల్లగా కొబ్బరి మొక్క మొదట్లో పోయడం నేను చూశాను.

తిరుగు దారి

నోరా ఆ ఇల్లు అమ్మలేదు. ఎండాకాలంలో రాసిన ఉత్తరంలో తలుపు మళ్ళీ తీశానని, సాయానికి పెట్టుకున్నావిడ పొద్దున్నుంచి ఆగకుండా మాట్లాడుతుందని, భరించడం కష్టంగా ఉన్నా పంపెయ్యడం లేదని రాసింది. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఉత్తరం కాదు, ఆ పొద్దున మేం బయల్దేరిన తీరు.

ఆటో రోడ్డెక్కి నాలుగు కొబ్బరి చెట్లు దాటిందో లేదో, వెనక నుంచి ఇద్దరి గొంతులూ లేచాయి. నోరా ఆటో అతని భుజం తట్టి ఆగమంది. అలాగేనన్నట్టు "ఆయ్" అని అతను ఇంజను ఆపేశాడు. మంచు విడిపోతోంది. కాలవ మీద ఎండ పడి కదులుతోంది. పెరట్లోంచి గిన్నెల చప్పుడు, దాని మీదుగా మాటలు.

"ఏమంటున్నారు?" అంది నోరా.

"రేపటికి పప్పు ఎంత నానబెట్టాలో తేలడం లేదు. పెద్దావిడ రెండు శేర్లు అంటోంది. చిన్నావిడ..."

నోరా నా చేతి మీద చెయ్యి వేసింది. "వద్దు. ఊరికే విననివ్వండి."

వాళ్ళు ఎంతకీ ఆపలేదు. మేం ముగ్గురం ఆటోలో కూర్చుని వింటూ ఉన్నాం.